కోళ్ళు తోలిన చెయ్యి

దుసూబా సుమానోకి నచ్చిన మనిషి బాగిన్యా ఊళ్ళో ఒక్కడూ లేడు. ఆ మాటకొస్తే పక్క ఊళ్ళోనూ లేడు. కీతా నుంచి వచ్చే రైలు మా స్టేషన్లో ఆగినప్పుడల్లా వేరుశెనగ బస్తాల మీద కూర్చుని జనాన్ని చూసేది. "దిగినోడు దండగ, ఎక్కినోడు పీడ విరగడ" అని ఒక్క మాటతో ఇద్దరికీ సరిపెట్టేది.

పుట్టింది జెలీల ఇంట్లో. జెలీ అంటే గొప్పిళ్ళ వంశాలు వల్లెవేసి, తాతముత్తాతల పేర్లెత్తి పాడి, వాళ్ళు పెట్టింది పుచ్చుకుని బతకాలి. పొగడ్డమే కులవృత్తి అయినదానికి పొగడ్త నోట రాకపోవడం ఏం ఖర్మో ఆ అల్లాకే తెలియాలి. గొంతు మాత్రం కంచు. ఎడంచేత్తో ఇనపగొట్టం పట్టుకుని, కుడిచేతి పుల్లతో దాన్ని గీకుతూ ఎత్తుకుందంటే మసీదు వెనక మేకలు కూడా మేత మానేసేవి. పాట సగానికి వచ్చేసరికి అసలు గుణం బయటపడేది. ఒక పేరుపెట్టే పండగలో పిల్లాడి తండ్రి ముందు నిలబడి, "మీ తాత గుర్రమెక్కితే కోటలు కూలాయి నాయనా. నువ్వు సైకిలెక్కితే నువ్వే కూలతావు" అని పాడింది. జనం పొట్టలు పట్టుకున్నారు. ఆ మనిషి గబగబా జేబులో ఉన్నదంతా ఆమె చేతిలో కుక్కాడు, మరో చరణం ఎత్తుకోకుండా ఉంటే చాలని. బాగిన్యాలో మిగతా జెలీలకి పాడినందుకు ఇచ్చేవారు, దుసూబాకి ఆపినందుకు ఇచ్చేవారు.

అందరికంటే ఎక్కువ మంట కంకూ దాంబా మీద. కంకూది కూడా జెలీల ఇల్లే, వీధి చివర. క్యాసెట్లు వేయించింది, పై పన్నుకి బంగారు తొడుగు వేయించింది, పెళ్ళిళ్ళకి మైకు లేనిదే రానంటుంది. "గొంతు లేనమ్మకి మైకు, పళ్ళు లేనమ్మకి జావ" అనేది దుసూబా, కంకూకి వినబడేంత దగ్గర్లో నిలబడి. ఒకసారి పెళ్ళిలో తాళం తప్పి, పుల్లలతో కొట్టి వాయించే బలఫోన్ చెక్కలు సరిగ్గా పలకడం లేదని కంకూ మూతి ముడుచుకుంది. "ఆడలేక మద్దెల ఓడు!" అని దుసూబా అరిచిన అరుపు ఆ రోజు మైకులోనే పడి ఊరంతా వినబడింది.

ఇక మొగుడు యాముదు. బలఫోన్ వాయించేవాడు, మంచి చెయ్యి, పాపం మంచి మనిషి. నిద్ర ఒక్కటే జబ్బు. ఆమె ముందు నిలబడి పాడుతుంటే అతను వెనక కూర్చుని వాయించేవాడు. పాట మధ్యలో ఆమె వెనక్కి తిరిగిందంటే గడ్డం గుండెకి ఆనించి కళ్ళు మూసుకుని ఉండేవాడు. చేతులు మాత్రం వాటంతటవే ఆడుతుండేవి. "వాయిస్తూ నిద్రపోతాడో, నిద్రపోతూ వాయిస్తాడో, వీడితో ఎలా వేగను!" అని నలుగుర్లోనూ నెత్తి కొట్టుకునేది. "నా పాటకి కట్టుకున్నోడే కునుకు తీస్తే, ఊళ్ళోవాళ్ళు మేలుకుని ఏం చేయాల?" యాముదు ఒక కన్ను తెరిచి, "నీ గొంతు జోలపాట కదే" అనేవాడు. అది పొగడ్తో కాదో ఆమెకి చివరిదాకా తేలలేదు. తేలనందుకు ఇంకా కోపం.

ఇంతమందిని తీసిపారేసిన మనిషి తల వంచిన చోటు ఒకటుంది, లంబాన్.

జెలీలు ఏడాది పొడవునా పాడేవన్నీ ఇతరుల గొప్పలు. లంబాన్ ఒక్కటే వాళ్ళ సొంతం. ఆ రోజు పొగడాల్సిన దొర ఉండడు, చెయ్యి చాపాల్సిన గుమ్మం ఉండదు. జెలీలు జెలీల కోసం వాయించుకుంటారు, జెలీల పేర్లే ఎత్తుకుంటారు, ఆడవాళ్ళు రెండు చేతులూ విప్పార్చి నెమ్మదిగా, దర్జాగా వలయంలోకి దిగుతారు. బాగిన్యాలో ఆ వలయంలోకి మొదటి అడుగు వేసే హక్కు సుమానోల ఆడపడుచుల్లో పెద్దదానిది. ఎందుకంటే ఆ పాటా ఆ ఆటా పుట్టింది వాళ్ళ ముత్తవ్వ మాన్యుమాతో. రాజు యుద్ధం గెలిచి వచ్చి మాన్యుమాకి సొరకాయబుర్ర నిండా బంగారుపొడి ఇచ్చాడట. ఆవిడ అది తనకొద్దంటూ, కుడిచేత్తో ఎడంచేత్తో తోటి జెలీల మీద వెదజల్లుతూ ఆడిందట. "మాన్యుమా చెయ్యి చూడండి, మాన్యుమా చెయ్యి చూడండి" అన్న పల్లవి అక్కణ్ణించే వచ్చిందట. ఈ కథ చెప్పేటప్పుడు దుసూబా గొంతులో ఒక్క వెక్కిరింపు కూడా ఉండేది కాదు. మెడ సాగేది, కళ్ళు చెమర్చేవి.

ఆ హక్కు అప్పటికి పెదనాన్న కూతురు నాసిరాది. నాసిరా ఎంతకీ చావని మనిషి. దుసూబా ఆమె చావుని కోరుకుందని అనను. కానీ ఆరోగ్యం ఎలా ఉందని రోజూ అడిగేది. చావుబతుకుల్లో ఉన్న చుట్టాలనైనా ఎవరూ అలా అడగరు.

సితాన్ బాలో సంగతి ఇక్కడే చెప్పాలి. సితాన్ కమ్మరింటి ఆడపడుచు. మా వైపు కమ్మరి ఆడవాళ్ళే కుండలు చేస్తారు. సుమానోలకీ బాలోలకీ ఎగతాళి చుట్టరికం. తాతలనాటి ఒడంబడిక అది. ఒకరినొకరు ఏమైనా అనొచ్చు, వండుకున్న కూర కుండతో సహా ఎత్తుకుపోవచ్చు, పెళ్ళికొడుకు టోపీ లాక్కోవచ్చు, నువ్వు నా దాసివి అనొచ్చు. అవతలివాళ్ళకి కోపం మాత్రం రాకూడదు. వస్తే అది పాపం, అంతకంటే ఎక్కువ, మొరటుతనం. దుసూబా నోటికి తట్టుకుని నిలబడ్డ నోరు ఊళ్ళో అదొక్కటే.

"ఏమే బొబ్బర్ల మూటా, పొద్దున్నే నీ పొట్ట ఉరుముతుంటే వానొచ్చిందనుకుని కుండలు లోపల పెట్టుకున్నా" అనేది సితాన్.

"పెట్టుకో పెట్టుకో. నీ కుండలు వాన కాదు, నేను తుమ్మినా పగులుతాయి" అనేది దుసూబా.

రోజూ ఇదే. ఇలా తిట్టుకోకపోతే ఇద్దరికీ సంకటి ముద్ద దిగేది కాదు.

యాముదు పోయాడు. నిద్రలోనే పోయాడు, ఇంకెలా పోతాడు! ఏడోరోజు దినానికి వాకిలి నిండా జనం, పెద్దాయన ఖురాను చదువుతున్నాడు, దుసూబా తెల్లగుడ్డ కట్టుకుని చాప మీద రాయిలా కూర్చుంది. అప్పుడొచ్చింది సితాన్. యాముదు పాత టోపీ ఎక్కడ సంపాదించిందో, నెత్తిన పెట్టుకుంది. రెండు కట్టెపుల్లలు తీసుకుని, బోర్లించిన తట్ట ముందు చతికిలబడింది. ఎవరైనా పోతే ఆ పోయినవాణ్ణి ఎగతాళి చుట్టాలు దినంనాడు అనుకరించి చూపించాలి. అది వాళ్ళ పని, వాళ్ళ బాధ్యత. సితాన్ గడ్డం గుండెకి ఆనించింది. గుర్రు మొదలుపెట్టింది. గుర్రు పెడుతూనే పుల్లలతో తట్ట మీద తాళం తప్పకుండా కొడుతోంది. పెదవి చివర చొంగ కారుతున్నట్టు నాలుకతో తుడుచుకుంది. చూస్తున్నవాళ్ళు ఏడుపు మధ్యలోనే కిసుక్కున నవ్వారు. ఖురాను చదివే పెద్దాయన కూడా పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

దుసూబాకి ఏమైందో ఏమో, లేచింది. మూలనున్న రోకలి అందుకుంది.

"లే! నా వాకిట్లోంచి లే! కమ్మరి మొహమూ నువ్వూ! బతికున్నన్నాళ్ళూ నిద్రమొహం అని నేనంటే సరిపోలేదూ? చచ్చాక నువ్వొచ్చావా చూపించడానికి?"

"కూర్చోవే. ఇంకా సగమే అయింది" అంది సితాన్, కళ్ళు తెరవకుండానే.

"సగమూ లేదు, సందూ లేదు. పో!"

రోకలి నిజంగానే పైకి లేచింది. సితాన్ కళ్ళు తెరిచింది. ఆ మొహంలోకి చూసింది. అది వేళాకోళం కాదని అర్థమైంది. టోపీ తీసి, దుమ్ము దులిపి, చాప మీద పెట్టి వెళ్ళిపోయింది. ఎగతాళి చుట్టం మీద కోపం తెచ్చుకున్న మనిషిని ఆ ఊళ్ళో అదే మొదటిసారి చూడటం. వెళ్ళి తీసుకురమ్మని పెద్దలు చెప్పారు. "కుండలదాని కాళ్ళు పట్టుకోడానికా నేను పుట్టింది?" అంది దుసూబా. అంతే, ముడి బిగిసిపోయింది.

ఆ రోజు నుంచి సితాన్ ఆమెని తిట్టడం మానేసింది. దారిలో ఎదురైతే ఆగి, చేతులు కట్టుకుని, పరాయివాళ్ళని పలకరించినట్టు, "క్షేమమా అమ్మా? ఇంట్లోవాళ్ళు క్షేమమా? పొలాలు క్షేమమా?" అని అడిగి పక్కనుంచి పోయేది. అంత మర్యాద! దుసూబాకి ఒళ్ళు మండిపోయేది. బొబ్బర్ల మూటా అని ఒక్కసారి అనొచ్చు కదా ముండ, అని ఇంటికొచ్చి గోడతో చెప్పుకునేది.

వానాకాలం పోయాక నాసిరా కన్నుమూసింది. అదే నెలలో జెలీల పెద్ద ఎంపిక జరిగింది. బురామా అనే శాంతస్వభావుణ్ణి కూర్చోబెట్టాలని ఊళ్ళన్నీ ఒప్పుకున్నాయి. ఆ సంబరానికి నాలుగు దిక్కుల జెలీలూ బాగిన్యాకి వస్తారు, లంబాన్ ఆడతారు, మొదటి అడుగు సుమానోల పెద్దది వెయ్యాలి. అంటే దుసూబా. ఇన్నాళ్ళకి! అద్దం ముందు చేతులు విప్పార్చి చూసుకుంది. లోకంలో తనకి నచ్చే మనిషి ఒక్కరైనా ఉన్నారనిపించింది.

అయితే ఒక చిక్కుంది. మొదటిసారి వలయం తెరిచే ఆడపడుచు ఊరికే దిగకూడదు. ముందు ఆట ఎలా పుట్టిందో నలుగుర్లో చెప్పాలి. చెబుతుంటే మాట మాటకీ బయటికులం మనిషి "నాము" అనాలి, అంటే నిజమే అని ఊఁ కొట్టాలి. నాము పడని మాట నిలబడదు. సుమానోల కథకి నాము అనేది బాలోల ఇంటి పెద్దది. అంటే సితాన్. కథ నిలబడకపోతే హక్కు ఇంకో జెలీల ఇంటికి పోతుంది. అంటే దాంబాలకి. కంకూ అప్పుడే కొత్త తలగుడ్డ కుట్టించుకుందని కబురు.

దుసూబా ఎవరినైనా అడగబోయేటప్పుడు మర్యాదగా పట్టుకెళ్ళే కోలా కాయలు కొంగున కట్టుకుని కమ్మరవాడకి బయల్దేరింది. దారిపొడుగునా తనని తనే తిట్టుకుంది.

సితాన్ నేల మీద బంకమన్ను ముద్ద పెట్టుకుని దాని చుట్టూ వెనక్కి నడుస్తూ కుండ గోడ లేపుతోంది. తలెత్తి చూసి, "రండమ్మా, క్షేమమా? ఇంట్లోవాళ్ళు..." అని మొదలుపెట్టింది.

"ఆపు! నీ క్షేమాలు కాల్చ. కోలా తెచ్చా. సంబరంలో నాము అనాలి, వస్తావా రావా?"

"వస్తా. రాకేం?"

అంత తేలిగ్గా అంటుందని దుసూబా అనుకోలేదు. కొంగు ముడి విప్పబోయింది.

"కానీ బంగారం దగ్గర అనను" అంది సితాన్, కుండ మీంచి కళ్ళు తియ్యకుండా.

"ఏ బంగారం?"

"మీ మాన్యుమా వెదజల్లిందే, ఆ బంగారం. నాసిరాకి అన్నా, ఆవిడ మెత్తని మనిషి కాబట్టి. మా అమ్మ కూడా మీవాళ్ళకి అంది. నేనింక అనను. నోటికి అబద్ధం వెగటు పుట్టింది."

"ఏంటే అబద్ధం?"

సితాన్ చేతులు కడుక్కుంది. తీరిగ్గా కూర్చుంది. ఆ కళ్ళలో పాత మెరుపు చూసి దుసూబాకి భయమూ వేసింది, ప్రాణమూ లేచొచ్చింది.

"మీ మాన్యుమా ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం. పుట్టు పిసినారి. రాజుగారిచ్చిన పొడి గోతిలో పాతిపెట్టుకునుంటుంది తప్ప, వెదజల్లడమా! కూరల్లోకి సుంబలా గింజలు ఉడకేసి, పులియబెట్టి, చాపమీద ఎండబెట్టుకుని, ఒక్క కోడి ముక్కుపెట్టకుండా పొద్దస్తమానం కాపలా కాసేది. ఈ చేత్తో హుష్, ఆ చేత్తో హుష్. మోచెయ్యి బారు చాపి, మణికట్టు విదిలించి, గడ్డం పైకెత్తి. కోళ్ళని తోల్డంలో కూడా టెక్కే. ఊళ్ళో పిల్లలందరికీ ఆ చెయ్యి తెలుసు. చచ్చాక దినంనాడు మా ముత్తవ్వ, ఆవిడ తోడికోడళ్ళూ కలిసి మీ వాకిట్లో చేటలో గింజలు పోసి, 'మాన్యుమా చెయ్యి చూడండి, మాన్యుమా చెయ్యి చూడండి' అంటూ కోళ్ళని తోలారు. ఊరంతా పడిపడి నవ్వింది. మీ జెలీలు మాత్రం ఊరుకుంటారా? దానికి తాళం కట్టారు. తాళం కట్టాక రాగం. రాగం వచ్చాక రాజుగారు వచ్చాడు. రాజుగారి వెనకాలే బంగారం."

"నోరు ముయ్!"

"ముయ్యను. పొగిడించుకున్న మహరాణుల చేతులు ఎవరికైనా గుర్తున్నాయా? మేం ఎక్కిరించాం గనక మీ ముసల్ది మిగిలింది. కోళ్ళని చెప్పు, నాము అంటా. బంగారమని చెప్పు, నా నోట్లో మన్ను పోసుకున్నా అనను."

"కంకూ దగ్గర ఎంత తిన్నావే?"

సితాన్ మొహం మళ్ళీ మూసుకుపోయింది. "వెళ్ళి రండమ్మా. దారి జాగ్రత్త" అంది. కోలా కాయలు ముట్టుకోలేదు.

దుసూబా ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. తన ముత్తవ్వ, రాజసభలో ఆడిన మనిషి, కోళ్ళు తోలిందా! మన్ను పిసుక్కునేది చెబితే నమ్మాలా! అరుగు మీద ఎండబోసిన సుంబలా గింజల పక్కన కూలబడి కమ్మరికులాన్ని మొదటినుంచీ చివరిదాకా తిట్టుకుంటూ కూర్చుంది. పొరుగింటి పెట్ట ఒకటి మెడ సాచుకుంటూ వచ్చి చాప అంచున నిలబడింది. దుసూబా తిట్టు ఆపకుండానే దాన్ని తోలింది. మోచెయ్యి బారుగా సాగింది. మణికట్టు విదిలింది. గడ్డం పైకి లేచింది. పెట్ట అటుపక్కకి వస్తే రెండో చెయ్యి సాగింది.

ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

అదే. ఒక్క వెంట్రుక వాసి తేడా లేకుండా అదే. మొన్న అద్దం ముందు నిలబడి మురిసిపోయిన చెయ్యి అదే. ఇంక బుకాయించి లాభం లేదు, ఒళ్ళే సాక్ష్యం చెప్పింది. దుసూబా ఆ పెట్టని చంపేద్దామన్నంత కోపంతో చూసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. జన్మంతా ఊరందరి తాతలనీ తూకమేసిన మనిషి కదా, ఇప్పుడు తన ముత్తవ్వ తూకానికి వచ్చేసరికి రాయి కింద చెయ్యి పడింది.

సంబరం రోజు రానే వచ్చింది. స్టేషను పక్క మైదానంలో జెలీలు కిక్కిరిశారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న కుర్రజెలీలు కొందరు, తమ తాత పేరు అడిగితే తడుముకుంటారు గానీ, చక్రవర్తి గుర్రం తోక రంగు మాత్రం చెబుతారు. తా దూర కంత లేదు మెడకో డోలు. బురామా కొత్త అంగీలో ఉక్కపోతతో చెమటలు కక్కుతున్నాడు. కంకూ ముందు వరసలో కూర్చుని బంగారు పన్ను ఎండకి చూపిస్తోంది. సితాన్ వచ్చి, వలయం అంచున బోర్లించిన కుండ మీద కూర్చుంది.

దుసూబా మధ్యలో నిలబడింది. ఇనపగొట్టం చేతిలో ఉంది. చెప్పడం మొదలుపెట్టింది.

"ఈ ఊరు కట్టింది వేటగాళ్ళు."

"నాము" అంది సితాన్.

"వేటగాళ్ళ వెంట వచ్చింది మా సుమానోలు."

"నాము."

"సుమానోల ఇంట పుట్టింది మాన్యుమా. చెయ్యెత్తు మనిషి, చేవగల గొంతు."

"నాము. గొంతు గట్టిదే" అంది సితాన్. జనం నవ్వారు.

"రాజు దండయాత్ర గెలిచి వచ్చాడు. బుర్రనిండా బంగారుపొడి పోసి మాన్యుమా ముందు పెట్టాడు."

సితాన్ పలకలేదు.

బలఫోన్లు నెమ్మదించాయి. దుసూబా గొంతు పెంచి మళ్ళీ చెప్పింది. "బంగారుపొడి పోసి ముందు పెట్టాడు!" సితాన్ తన మోకాళ్ళకేసి చూసుకుంటోంది. వెనక వరసల్లో గుసగుసలు. కంకూ చీర కుచ్చెళ్ళు సర్దుకున్నట్టు చుట్టుగుడ్డ బిగించి, లేవడానికి సిద్ధంగా ఒక మోకాలు ఎత్తింది. బురామా గొంతు సవరించుకుని, "అక్కా, నాము పడలేదు" అన్నాడు, చాలా మెత్తగా.

"వినబడుతోందిరా, నాకేం చెవుడా!" అంది దుసూబా.

మాన్యుమాని కాపాడాలంటే హక్కు పోతుంది. హక్కు కాపాడాలంటే మాన్యుమా పోతుంది. ఈ కళ్ళద్దాల వెధవలందరి ముందూ, ఆ బంగారు పన్ను ముందూ! జీవితంలో మొట్టమొదటిసారి ఆమెకి ఏమనాలో తోచలేదు. ఎదురుగా సితాన్ తలెత్తింది. ఆ చూపులో గెలుపు లేదు. ఎదురుచూస్తోంది, అంతే. ఆ చూపు చూసేసరికి దుసూబాకి ఒళ్ళు మండింది. మంట పుట్టగానే నోరు దానంతటదే వచ్చింది.

"ఏం బంగారంరా మీ మొహాలకి! బంగారముంటే నేనిలా చిల్లుల తలగుడ్డతో ఉంటానా? మా మాన్యుమా పిసినారి! పిల్లికి బిచ్చం వెయ్యని మనిషి!"

"నాము!" కుండ మీంచి ఠంగున మోగింది గొంతు.

"సుంబలా గింజలు ఎండబోసుకుని కోళ్ళని తోలేది. హుష్ అని ఈ చేత్తో, హుష్ అని ఆ చేత్తో!"

"నాము!"

"చస్తే ఈ కమ్మరి దాసీముండల ముత్తవ్వలు మా వాకిట్లోకొచ్చి ఎక్కిరించారు. మా చెయ్యి మాకే చూపించారు. మనం దానికి రాగం కట్టుకుని, రాజుని తెచ్చుకుని, ఇన్నేళ్ళూ ఊరేగాం. మీరందరూ దర్జాగా ఆడేది కోళ్ళు తోలుడు! మీ ముత్తవ్వలవి చూద్దామంటే కోళ్ళు తోలిన చెయ్యి కూడా మిగల్లేదు!"

"నాము! నాము! నాము!" సితాన్ కుండ మీద నిలబడిపోయింది.

మైదానం గొల్లుమంది. కళ్ళద్దాలవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. బురామా కొత్త అంగీ అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. కంకూ ఎత్తిన మోకాలు దించుకుని కూర్చుంది. నాము పడ్డ మాట మీద ఎవరు మాత్రం ఏం చేస్తారు? కథ నిలబడింది. దుసూబా చేతులు చాచింది. చుట్టూ నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వులోకే అడుగు వేసింది. మోచెయ్యి సాగింది, మణికట్టు విదిలింది, గడ్డం లేచింది. కోళ్ళని తోలుతున్నానని తెలిసి కూడా అంత టెక్కుగా ఆడిన మనిషిని ఎవరూ చూడలేదు. నవ్వుతున్నవాళ్ళ నవ్వు మెల్లగా ఆగింది. ముసలి జెలీ ఒకాయన లేచి వెళ్ళి ఆమె పాదాల దగ్గర తన కర్ర పెట్టాడు.

దుసూబా ఆడుతూ ఆడుతూ సితాన్ ఎదుటికి వచ్చి ఆగింది. రొప్పుతోంది.

"ఏమే దాసీ" అంది. "ఆ రోజు మా ముసలాణ్ణి సగంలో వదిలేసి పోయావు. మిగతా సగం ఏదీ?"

"రోకలి ఎక్కడ పెట్టావో ముందు చెప్పవే బొబ్బర్ల మూటా."

"ఇంట్లో ఉందిలే. కానియ్."

సితాన్ కుండ దిగింది. బలఫోన్ కుర్రాణ్ణి పక్కకి నెట్టి కూర్చుని పుల్లలు అందుకుంది. "పాడు" అంది. దుసూబా అలవాటు ప్రకారం ఆమెకి వీపు పెట్టి నిలబడబోయింది. "అటు కాదు. ఇటు తిరిగి పాడు. చూడాలిగా" అంది సితాన్.

దుసూబా ఇటు తిరిగి ఎత్తుకుంది. సితాన్ గడ్డం గుండెకి ఆనించింది, కళ్ళు మూసింది, గుర్రు పెట్టింది. అచ్చం యాముదు. అందరూ మళ్ళీ నవ్వారు. అక్కడితో ఆగలేదు. చేతులు తాళం తప్పకుండా ఆడుతుండగా, మూసిన కళ్ళలో ఒకటి మెల్లగా తెరుచుకుంది. ముందు నిలబడ్డ ఆడమనిషి వీపు ఉండాల్సిన చోటుకేసి చూసింది. మొహమంతా వెలిగింది. పెదాలు ఆమె పాటని మాట మాటకీ కలుపుకుంటూ కదిలాయి, ఒక్క మాట తప్పలేదు. ఆవిడ వెనక్కి తిరగబోతోందని పసిగట్టినట్టు కన్ను టక్కున మూసుకుంది, గడ్డం వాలిపోయింది, గుర్రు మొదలైంది. ఆమె అటు తిరిగినట్టు మళ్ళీ కన్ను తెరుచుకుంది. మళ్ళీ ఆ వెలుగు. ఇది అబద్ధమైతే ఎవరో ఒకరు అడ్డు చెప్పేవారు. వలయం చుట్టూ ముసలివాళ్ళందరూ తలలాడించారు. వాళ్ళు ఎదురుగా కూర్చుని చూసినవాళ్ళే.

దుసూబా పాట ఆగిపోయింది. ఇనపగొట్టం జారి కింద పడింది. ఏడోరోజున రాని ఏడుపు ఇప్పుడు కట్టలు తెంచుకుంది. మైదానం మధ్యలో, అందరూ చూస్తుండగా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"నిద్రపోలేదటే? ఒక్కసారీ నిద్రపోలేదటే? దొంగసచ్చినోడు... నువ్వైనా ముందే చెప్పొచ్చు కదే!"

"చెబుతుంటే రోకలి ఎత్తింది ఎవరే?" అంది సితాన్. తన కళ్ళు కూడా తుడుచుకుంటూ, పుల్లలు కింద పెట్టకుండా ఇంకోసారి గుర్రు మొదలుపెట్టింది.